గురువారం మన్‌స్టర్లు, శుక్రవారం ఆడమ్స్‌లు: రెండు పాత సిట్‌కామ్‌ల డీవీడీ సెట్‌లపై సమీక్ష

1964 సెప్టెంబరులో, ఆరు రోజుల తేడాతో, రెండు విచిత్రమైన కుటుంబాలు అమెరికా టెలివిజన్‌లోకి అడుగుపెట్టాయి. 18వ తేదీ శుక్రవారం ఏబీసీలో ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’, 24వ తేదీ గురువారం సీబీఎస్‌లో ‘ది మన్‌స్టర్స్’ మొదలయ్యాయి. రెండూ అరగంట నిడివి గల నలుపు తెలుపు హాస్య ధారావాహికలే. రెండింటిలోనూ బూజు పట్టిన పాత బంగళా ఉంది, లోకమంతా తమలాగే ఉందని నమ్మే అమాయకపు ఇంటివాళ్లున్నారు, తలుపు తట్టి లోపలికి వచ్చి కాసేపటికే కాళ్లకు బుద్ధి చెప్పే అతిథులున్నారు. రెండూ రెండేసి సీజన్లు నడిచి, 1966 వసంతంలో ఐదు వారాల తేడాతో ముగిశాయి. ఇంత దగ్గరగా పుట్టి, ఇంత దగ్గరగా కన్నుమూసిన మరో జంట సిట్‌కామ్‌ల చరిత్రలో నాకు తెలిసి లేదు.

ఈ రెండింటి పూర్తి డీవీడీ సెట్‌లను నేను కలిపి కొన్నాను, కలిపే చూశాను. ఒకటి ముగించి మరొకటి మొదలుపెట్టకుండా, నాటి అమెరికన్ ప్రేక్షకుడు చూసిన వరుసలోనే గురువారం మన్‌స్టర్స్‌నూ మర్నాడు ఆడమ్స్ ఫ్యామిలీనీ పెట్టుకున్నాను. మన్‌స్టర్స్‌కు 70, ఆడమ్స్‌కు 64, మొత్తం 134 ఎపిసోడ్లు. ఒక్కొక్కటి సుమారు 25 నిమిషాల చొప్పున లెక్కవేస్తే దాదాపు 56 గంటల వీక్షణం. ఇంత కాలం వెచ్చించాక చెప్పగలిగిన మాట ఒకటి ఉంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ విడిగా చూస్తే దాని విలువ సగమే తెలుస్తుంది. ఒకరి చేతిలో ఉన్నది మరొకరికి అందలేదు, ఆ లోటే ఇద్దరి చేతా మంచి పని చేయించింది. తెర వెనుక జరిగిన పోటీ ఆనవాళ్లు తెర మీద ఎక్కడెక్కడ మిగిలాయో పక్కపక్కన పెట్టి చూసినప్పుడే కనబడుతుంది.

ముందుగా సెట్‌ల అమరిక గురించి చెప్పాలి, ఎందుకంటే నాలాగా వరుసగా చూడదలచిన వారికి ఇది అవసరం. మన్‌స్టర్స్ డిస్కులు సీజన్ల వారీగా ఉన్నాయి: మొదటి సీజన్ 38 ఎపిసోడ్లు, రెండవది 32. చూసేవారికి ఏ అయోమయమూ లేదు. ఆడమ్స్ ఫ్యామిలీని మాత్రం మూడు సంపుటాలుగా విడగొట్టారు. మొదటి దానిలో 22, మిగిలిన రెండింటిలో 21 చొప్పున ఎపిసోడ్లు వస్తాయి. మొదటి సీజన్ 34 ఎపిసోడ్లది కాబట్టి అది రెండవ సంపుటం నడిమధ్య ఎక్కడో ముగుస్తుంది, అదే డిస్కుల పెట్టెలో రెండవ సీజన్ మొదలవుతుంది. ఒక ధారావాహికకు సీజన్ అంటే పుస్తకానికి అధ్యాయం వంటిది. రచయితలు ఊపిరి తీసుకున్న చోటు, పాత్రలను కొత్తగా సర్దుకున్న చోటు. ఆ హద్దును చెరిపేయడం ఈ సెట్‌లో నాకు నచ్చని విషయం. కొనేవారు మూడు సంపుటాలూ కలిసిన పెట్టెనే తీసుకుంటే, కనీసం మధ్యలో ఆగిపోవలసిన అవసరం ఉండదు.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ పోటీకి మూలం ఒక కుంచె. చార్లెస్ ఆడమ్స్ అనే చిత్రకారుడు 1938 నుంచి న్యూయార్కర్ పత్రికలో ఒక చీకటి కుటుంబాన్ని గీస్తూ వచ్చాడు. నల్లని గౌను ధరించిన సన్నని స్త్రీ, గీతల కోటులో ఆమె భర్త, చావు ముఖం పిల్లలు, కొండంత సేవకుడు, వీరెవరికీ ఆ బొమ్మల్లో పేర్లు లేవు. అంతకుముందు ఎన్‌బీసీలో కార్యక్రమాల విభాగానికి అధిపతిగా పనిచేసిన డేవిడ్ లెవీ, ఈ బొమ్మల ఆధారంగా ధారావాహిక తీయడానికి ఆ చిత్రకారుడినే ఒప్పించాడు. అందుకోసం ఆడమ్స్ తన పాత్రలకు నామకరణం చేశాడు. మొర్టీషియా, వెన్స్‌డే అన్న పేర్లు ఇప్పుడు మనకు తరతరాలుగా ఉన్నట్టు అనిపిస్తాయి గానీ, అవి అందరి నోటా నానింది టెలివిజన్ వల్లే.

మరోవైపు యూనివర్సల్ స్టూడియోకు ఇంచుమించు అటువంటి ఆలోచననే అలన్ బర్న్స్, క్రిస్ హేవర్డ్ అనే ఇద్దరు రచయితలు అందించారు. తర్వాతి కాలంలో ‘మేరీ టైలర్ మూర్ షో’ సృష్టికర్తల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్న బర్న్స్, తమ ఆలోచనకు ప్రేరణ చార్లెస్ ఆడమ్స్ బొమ్మలేనని ఒక ఇంటర్వ్యూలో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. అంటే ఒకే బావి నీళ్లను ఇద్దరూ తోడారు. తేడా ఏమిటంటే, ఒకరి దగ్గర బావి హక్కు ఉంది, రెండవవారి దగ్గర అంతకంటే పెద్ద కుండ ఉంది.

ఆ కుండ యూనివర్సల్ వారి పాత భయానక చిత్రాలు. 1931లో జాక్ పియర్స్ అనే మేకప్ కళాకారుడు ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చిత్రంలో భూతంగా నటించిన బోరిస్ కార్లాఫ్ ముఖం మీద తీర్చిన ఆ చదునైన తల, మెడకు ఇరువైపులా పొడుచుకు వచ్చిన ఇనుప మేకులు యూనివర్సల్ సొత్తు. ఫ్రాంకెన్‌స్టైన్ కథను ఎవరైనా తీయవచ్చు, ఆ ముఖాన్ని మాత్రం మరొకరు వాడుకోవడానికి వీల్లేదు. కనుకనే మన్‌స్టర్ల ఇంటి తండ్రి హెర్మన్ తెర మీదికి వచ్చిన మొదటి క్షణంలోనే ప్రేక్షకుడు అతణ్ని గుర్తుపడతాడు, వివరణ అక్కరలేదు. ఆడమ్స్ బృందానికి ఆ సౌకర్యం లేదు. వారి మనుషులు మామూలు ముఖాలతోనే వింతగా కనిపించాలి, ఆ వింతంతా మాటలోనూ నడకలోనూ చూపులోనూ పుట్టాలి. రెండు సెట్‌లనూ పక్కపక్కన చూస్తున్నప్పుడు నన్ను ఎక్కువగా కట్టిపడేసింది ఈ తేడాయే. ఒక ఇంట్లో ముఖం మాట్లాడుతుంది, మరో ఇంట్లో మాటే ముఖమవుతుంది.

మన్‌స్టర్స్ నిర్మాతలు జో కానెల్లీ, బాబ్ మోషర్. వీరు 1957 నుంచి 1963 వరకు నడిచిన ‘లీవ్ ఇట్ టు బీవర్’ సృష్టికర్తలు. మంచి తండ్రి, మంచి తల్లి, అల్లరి చేసి బుద్ధి తెచ్చుకునే పిల్లవాడు ఉండే ఆ ధారావాహిక అమెరికన్ కుటుంబ హాస్యానికి కొలబద్ద వంటిది. ఆ ఇద్దరూ ఇక్కడ చేసినది అదే కుటుంబాన్ని తీసుకొచ్చి రాక్షస వేషం కట్టడం. బీవర్ ఇల్లూ, మన్‌స్టర్ల ఇల్లూ యూనివర్సల్ ఆవరణలో ఒకే వీధిలో, కొలోనియల్ స్ట్రీట్‌లో, నిలబడి ఉండేవని తెలుసుకున్నాక నాకు ఈ ధారావాహిక మరింత స్పష్టంగా అర్థమైంది.

దీనికి అందమైన సాక్ష్యం తోటి పిల్లలు ఎడ్డీని పొట్టివాడని వెక్కిరించే ఎపిసోడ్. హెర్మన్ కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని, మనిషిని రూపంతో కాక గుణంతోనూ మనసుతోనూ తూచాలని చెబుతాడు. ఆ సన్నివేశంలో హాస్యం లేదు. ఏడడుగుల ఆ ఆకారం, రబ్బరు నుదురు, మేకులు అన్నీ మరుగైపోయి ఒక తండ్రి మాత్రమే మిగులుతాడు. బీవర్ తండ్రి కుర్చీలో కూర్చుని చెప్పే హితవుకు ఇది వారసత్వమే గానీ, చెబుతున్నవాడి ముఖం వల్ల ఆ మాటకు రెట్టింపు బరువు వచ్చింది. హెర్మన్‌గా ఫ్రెడ్ గ్విన్ వంటి నటుడు కాకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. దళసరి దూది కూర్పు, ఎత్తు బూట్లు, గంటల తరబడి మేకప్ భరిస్తూ, ఆ బరువు కింద ఇంత సుకుమారమైన నటనను ఎలా నిలబెట్టాడో 70 ఎపిసోడ్లు చూశాక కూడా నాకు ఆశ్చర్యంగానే ఉంది.

తాతగా నటించిన ఆల్ లూయిస్‌తో గ్విన్‌కు అంతకుముందే ‘కార్ 54, వేర్ ఆర్ యూ?’లో జోడీ కుదిరింది. అందువల్ల వీరి సంభాషణల్లో పాత స్నేహితుల చనువు కనిపిస్తుంది, ఒకరి మాట ముగియకముందే రెండవవారి ముఖం సిద్ధంగా ఉంటుంది. హెర్మన్ భార్య లిలీగా నటించిన ఇవాన్ డి కార్లో సినిమాలలో పెద్ద తార. 1956 నాటి ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’లో మోషే భార్యగా నటించింది. స్టంట్ కళాకారుడైన భర్త ఒక సినిమా చిత్రీకరణలో తీవ్రంగా గాయపడి, ఇంటి మీద అప్పుల భారం పడడం వల్ల ఆమె ఈ పాత్రను ఒప్పుకుంది. 1922లో పుట్టిన ఆమెకు తండ్రిగా నటించిన లూయిస్ 1923లో పుట్టాడు. మేకప్ విభాగం పనితనానికి ఇంతకంటే మంచి ప్రశంసాపత్రం నేను చూపలేను.

మన్‌స్టర్స్ సెట్‌లో అన్నింటికంటే విలువైన అదనం, ప్రసారం కాని తొలి నమూనా చిత్రం. అది రంగుల్లో ఉంది. అందులో లిలీ లేదు. ఆమె స్థానంలో ఫీబీ అనే పాత్రలో జోన్ మార్షల్ నటించింది. పొడవైన నల్లని జుట్టుతో ఆమె నడిచి వస్తుంటే మర్నాటి శుక్రవారం చూడవలసిన మొర్టీషియా ముందే వచ్చేసినట్టు అనిపిస్తుంది. ధారావాహిక మొదలయ్యేనాటికి ఫీబీ పోయి, జుట్టులో తెల్లని చారతో, గృహిణి కలివిడితనంతో డి కార్లో లిలీ వచ్చింది. పొరుగింటి నుంచి దూరంగా జరగడం వల్ల మన్‌స్టర్స్‌కు మేలే జరిగింది. ఈ ఒక్క చిత్రం కోసమైనా ఈ సెట్‌ను భద్రంగా దాచుకోవచ్చు.

ఆడమ్స్ ఫ్యామిలీ వైపు ప్రధాన నిర్మాత నాట్ పెర్రిన్. మార్క్స్ సోదరుల హాస్య చిత్రాలకు రాసిన చెయ్యి అది. ఆ సంగతి తెలిశాక మొర్టీషియా భర్త గొమేజ్ మాటల వేగం, పొంతన లేని తర్కం, అతిథి నోట మాట రాకుండా చేసే మర్యాద ఎక్కడి నుంచి వచ్చాయో ఇక వేరే చెప్పనక్కరలేదు. గొమేజ్‌గా జాన్ ఆస్టిన్ కళ్లు పెద్దవి చేసి చుట్ట వెలిగించుకుంటూ, తన బొమ్మ రైళ్లను తానే ఢీకొట్టించి పొంగిపోతుంటే ఆ ఆనందంలో కల్మషం కనిపించదు. కరోలిన్ జోన్స్ మొర్టీషియా దాదాపు కదలదు. గులాబీ పువ్వులను కత్తిరించి ముళ్ల కాడలను మాత్రం కూజాలో అమరుస్తుంది. ఆమె నోట ఒక్క ఫ్రెంచి మాట వెలువడితే చాలు, భర్త ఆమె చేతిని మణికట్టు నుంచి భుజం దాకా ముద్దులతో ముంచెత్తుతాడు. ఆ కాలపు కుటుంబ ధారావాహికల్లో భార్యాభర్తలు ఒకరినొకరు ఇంతగా కోరుకోవడం నేను మరెక్కడా చూడలేదు. మిగతా ఇళ్లలో దంపతులు సర్దుకుపోతారు, విసుక్కుంటారు, దాచుకుంటారు. ఈ ఇంట్లో మాత్రం పెళ్లి ఒక పండుగ. రచనలో ఆడమ్స్‌దే పైచేయి అని నేను అనడానికి ఇదే ముఖ్య కారణం.

సేవకుడు లర్చ్‌గా టెడ్ కాసిడీ గొంతు నేల లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. పెట్టెలోంచి బయటికి వచ్చి ఉత్తరాలు అందించే ‘థింగ్’ అనే చెయ్యి కూడా చాలావరకు ఆయనదే. ఒళ్లంతా జుట్టే అయిన కజిన్ ఇట్ పాత్ర ఆ బొమ్మల నుంచి కాక టెలివిజన్ బృందం ఊహ నుంచి వచ్చింది. విక్ మిజ్జీ సమకూర్చిన హార్ప్సికార్డ్ (పియానో వంటి పాత వాద్యం) బాణీ, వేళ్ల చిటికెలు వినని వారు అరుదు. దానికి పోటీగా జాక్ మార్షల్ ఇచ్చిన మన్‌స్టర్స్ గిటారు బాణీ కూడా తక్కువదేమీ కాదు. నా మటుకు వాద్య సంగీతంగా అదే ఎక్కువ రోజులు చెవిలో నిలిచింది.

ఈ విజయానికి చిత్రకారుడు చెల్లించిన మూల్యం గురించి కూడా చెప్పాలి. ధారావాహిక మొదలయ్యాక న్యూయార్కర్ సంపాదకుడు విలియం షాన్ ఆ కుటుంబం బొమ్మలను పత్రికలో వేయడం మానేశాడు. టెలివిజన్‌లో అందరికీ చెందిన పాత్రలకు ఆ పత్రికలో చోటు లేదన్నది ఆయన వైఖరి. పేర్లు పెట్టి లోకంలోకి పంపిన పిల్లలకు పుట్టింటి తలుపులు మూసుకుపోయాయి. ఈ ధారావాహికను ఎంత ఇష్టంగా చూసినా, ఈ విషయం గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

రెండు ధారావాహికల తొలి ఎపిసోడ్లనూ వెంటవెంటనే చూసినప్పుడు ఒక చిత్రమైన సంగతి గమనించాను. ఆడమ్స్ తొలి ఎపిసోడ్‌లో పిల్లలను బడికి పంపితే కూతురు వెన్స్‌డే కన్నీళ్లతో ఇంటికి వస్తుంది, ఎందుకంటే బడిలో చదివి వినిపించిన కథలో ఒక వీరుడు డ్రాగన్‌ను చంపేశాడు. మన్‌స్టర్స్ తొలి ఎపిసోడ్‌లో హెర్మన్ మారువేషాల విందుకు వీరుడి కవచం తొడుక్కుని వెళితే, అక్కడ విందు ఇచ్చిన పెద్దమనిషి ఫ్రాంకెన్‌స్టైన్ భూతం వేషంలో ఎదురవుతాడు. ఒక ఇంట్లో వీరుణ్ని చూసి ఏడ్చారు, మరో ఇంట్లో వీరుడి వేషం కట్టారు. లోకం మంచిదని చెప్పే కథలో తమకు చోటు లేదని ఆడమ్స్‌లకు తెలుసు, వారు దానిని లెక్కచేయరు. మన్‌స్టర్లకు మాత్రం ఆ కథలో తామూ ఉన్నామన్న గట్టి నమ్మకం. తర్వాతి 132 ఎపిసోడ్లలో ఈ రెండు స్వభావాలూ ఎక్కడా మారలేదు.

లోపాలు రెండింటిలోనూ ఉన్నాయి. అతిథి రావడం, అదిరిపోవడం, పారిపోవడం అనే వరుస ఇరవై ఎపిసోడ్లకే అరిగిపోతుంది. ముందే రికార్డు చేసి అతికించిన నవ్వులు మంచి సంభాషణను కూడా తొక్కేస్తాయి. మన్‌స్టర్ల ఇంట్లో చక్కగా ఉన్న మేనకోడలు మార్లిన్‌ను ఇంటివాళ్లు అందవికారిగా ఎంచి జాలిపడడం అన్న హాస్యం మొదట్లో పదునుగా ఉన్నా, దాన్ని దాటి ఆ పాత్రకు రచయితలు ఏమీ ఇవ్వలేదు. 13 ఎపిసోడ్ల తర్వాత బెవర్లీ ఓవెన్ వెళ్లిపోయి పాట్ ప్రీస్ట్ వచ్చినా కథలో చీమ కుట్టినంత తేడా లేదంటే, ఆ పాత్రను ఎంత తేలికగా రాశారో తెలుస్తుంది. ఆడమ్స్ రెండవ సీజన్‌లో కొన్ని కథలు పాతవాటికే కొత్త చొక్కా తొడిగినట్టు ఉంటాయి.

ఆడమ్స్‌ల ఇంట్లో అంకుల్ ఫెస్టర్‌గా నటించిన జాకీ కూగన్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. బల్బును నోట్లో పెట్టుకుని వెలిగించే ఆ బోడిగుండు మామయ్యే, 1921లో చాప్లిన్ ‘ది కిడ్’లో ప్రపంచాన్ని ఏడిపించిన పసివాడు. బాల్యంలో ఆయన సంపాదించినదంతా పెద్దవాళ్లు ఖర్చు చేసేయడం వల్ల, బాలనటుల ఆదాయంలో కొంత భాగాన్ని వారి కోసమే కాపాడాలని 1939లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. లీసా లోరింగ్, కెన్ వెదర్‌వాక్స్ అనే ఇద్దరు పిల్లల పక్కన ఆయన నిలబడిన ప్రతి దృశ్యాన్నీ ఈ సంగతి తెలిసి చూడడం వేరే అనుభవం.

రేటింగుల విషయంలో మొదటి సీజన్‌లో మన్‌స్టర్స్ 18వ స్థానంలో, ఆడమ్స్ 23వ స్థానంలో నిలిచాయి. గెలుపు మన్‌స్టర్లదే, స్వల్ప తేడాతో. అయితే 1966 జనవరి 12న ఏబీసీ ‘బ్యాట్‌మ్యాన్’ను రంగుల్లో మొదలుపెట్టింది, దాని రెండు ప్రసార దినాల్లో ఒకటి గురువారం, సమయం సరిగ్గా మన్‌స్టర్స్ వచ్చే ఏడున్నర. నలుపు తెలుపు రాక్షసులు ఆ రంగుల ముందు నిలవలేకపోయారు. ఆడమ్స్‌లను ప్రసారం చేసిన సంస్థే ఆ దెబ్బ కొట్టినా, ఆడమ్స్‌లకూ అదే ఏడాది సెలవిచ్చింది. ఆ తర్వాత కరోలిన్ జోన్స్, జాన్ ఆస్టిన్ ఇద్దరూ అదే ‘బ్యాట్‌మ్యాన్’లో ప్రతినాయక పాత్రల్లో కనిపించారు. మన్‌స్టర్లను ఓడించిన ఇంటికి ఆడమ్స్ దంపతులు అతిథులుగా వెళ్లారన్నమాట.

చిత్ర నాణ్యత రెండు సెట్‌లలోనూ తృప్తికరం. మన్‌స్టర్స్‌లో సాలెగూళ్ల నీడలు, మెట్ల కింది అరలోంచి నిప్పులు కక్కే పెంపుడు జంతువు పొగ, తాత ప్రయోగశాల మెరుపులు లోతుగా కనిపిస్తాయి. చాయాగ్రహణంలో స్టూడియో అనుభవం తెలుస్తుంది. ఆడమ్స్ చిత్రీకరణ చదునుగా, రంగస్థలంలా ఉంటుంది. ఆ హాలు గోడలకు నిజానికి గులాబీ రంగు వేసేవారని నాటి రంగుల ఛాయాచిత్రం ఒకటి చెబుతుంది. నలుపు తెలుపులో సరైన బూడిద ఛాయ రావడానికి ఆ రంగును ఎంచుకున్నారట. ఇది తెలిశాక ఆ చీకటి గది నాకు మళ్లీ మునుపటిలా కనిపించలేదు.

ఒక్కటే కొనగలిగే వారు సంభాషణ మీద మక్కువ ఉంటే ఆడమ్స్‌నూ, ఇంట్లో పిల్లలతో కలిసి చూడదలచితే మన్‌స్టర్స్‌నూ తీసుకోవచ్చు. నా సలహా మాత్రం రెండింటినీ తీసుకుని, వారానికి ఒకటి చొప్పున, పాత వరుసలోనే చూడమని. నేను చూసిన క్రమంలో ఆడమ్స్ ఆఖరి ఎపిసోడ్ ముందుగా వచ్చింది, 1966 ఏప్రిల్ 8 నాటిది, కరోలిన్ జోన్స్ మొర్టీషియాగానూ ఆమె అక్క ఒఫీలియాగానూ రెండు పాత్రల్లో కనిపించేది. ఆ తర్వాతి గురువారం మన్‌స్టర్స్ పెట్టుకుని చూశాను, బాగానే నవ్వుకున్నాను. మర్నాడు శుక్రవారం అలవాటుగా ఆడమ్స్ పెట్టె వైపు చెయ్యి చాచాను గానీ, అందులో చూడవలసిన డిస్కు ఏదీ మిగల్లేదు.